చక్ మెక్‌గిల్ నిజంగా విలనేనా? మూడు బ్యాటరీల సంగతి

మీరు అడిగింది బెటర్ కాల్ సాల్ అనే అమెరికన్ సీరియల్‌లో జిమ్మీ వాళ్ళ అన్నయ్య చక్ మెక్‌గిల్ గురించి. మీ ఫ్రెండ్స్ అందరూ అతనే సీరియల్ మొత్తానికి అసలు విలన్ అంటున్నారు, మనుషుల్ని చంపే కార్టెల్ వాళ్ళ కన్నా అతని మీదే ఎక్కువ కోపం వస్తుందంటున్నారు, మీకేమో అతను చెప్పేదాంట్లో పెద్దగా తప్పు కనిపించట్లేదు, నేనే ఏమైనా తేడాగా ఆలోచిస్తున్నానా అని అడిగారు. తేడా ఏం లేదండి. నేను మొత్తం 63 ఎపిసోడ్లూ మూడుసార్లు చూశాను, మొదటిసారి చక్‌ని తిట్టుకుంటూ చూశాను, రెండోసారి జిమ్మీని తిట్టుకుంటూ చూశాను, మూడోసారి ఇద్దర్నీ తిట్టబుద్ధి కాలేదు. పైగా నేను లాయర్‌ని, పద్దెనిమిదేళ్ళ ప్రాక్టీసు, అందులో సగం అన్నదమ్ముల గొడవలే, అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను. పెద్దగానే రాస్తాను, కథంతా చెప్పేస్తాను కూడా, చివరి దాకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

నా సమాధానం ముందే చెప్తా. జిమ్మీ విషయంలో చక్ విలన్ కాదు. దెబ్బ తిన్నాడు, దెబ్బ కొట్టాడు, అంతే. కానీ ఒక్క మనిషి విషయంలో మాత్రం అతను చేసింది నేను మూడుసార్లు చూసినా క్షమించలేకపోయాను, ఆ మనిషి జిమ్మీ కాదు. అతని పేరు ఎవరూ ఎత్తరు. అక్కడికి వస్తాను, ముందు మిగతాది.

చక్ అంటే అల్బుకర్కీలో హామ్లిన్ హామ్లిన్ మెక్‌గిల్ అనే పెద్ద లా ఫర్మ్ ఉంది కదా, అందులో ఆ చివరి మెక్‌గిల్ ఇతనే. తెలివైనవాడు, చదువులో ముందు, లా అంటే ప్రాణం. తమ్ముడు జిమ్మీ చికాగో పక్కన సిసెరోలో మంచు మీద కావాలని జారిపడి డబ్బులు గుంజే రకం, అందుకే స్లిప్పిన్ జిమ్మీ అని పేరు. ఒక ఛండాలమైన పని చేసి జైలుకి పోయే పరిస్థితి వస్తే చక్కే వెళ్ళి విడిపించి తీసుకొచ్చి తన ఫర్మ్‌లో మెయిల్ రూమ్‌లో పెట్టాడు. ఆ మెయిల్ రూమ్‌లో ఉత్తరాలు పంచుతూనే జిమ్మీ ఎవరికీ చెప్పకుండా అమెరికన్ సమోవా యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో లా చదివాడు, రెండుసార్లు తప్పి మూడోసారి బార్ పరీక్ష, అంటే లాయర్ లైసెన్సుకి రాసే పరీక్ష, పాసయ్యాడు. ఆ కాగితం పట్టుకుని అన్నయ్య దగ్గరికి వెళ్ళాడు. చక్ నవ్వాడు, అభినందించాడు. తర్వాత ఫర్మ్‌లో ఉద్యోగం లేదని చెప్పింది మాత్రం చక్‌తో పాటు ఆ ఫర్మ్ నడిపే హోవర్డ్ హామ్లిన్.

ఇక జబ్బు. కథ మొదలయ్యే 2002 నాటికి చక్ ఇంట్లో కరెంటు లేదు, లాంతర్లే. కరెంటు దగ్గరికొస్తే ఒళ్ళు మండిపోతుందంటాడు, వెండి రేకులాంటి దుప్పటి కప్పుకుని కూర్చుంటాడు, ఇంటికొచ్చేవాళ్ళు ఫోన్ బయట మెయిల్‌బాక్సులో పెట్టి రావాలి. ఇలాంటి బాధతో ఉన్నవాళ్ళు నిజంగానే ఉన్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీని మీద చెప్పింది, వాళ్ళ బాధ నిజమే, కానీ ఆ బాధకి విద్యుదయస్కాంత క్షేత్రాలే కారణం అనడానికి శాస్త్రీయ ఆధారం లేదని. సీరియల్లో కూడా ఆస్పత్రిలో డాక్టర్ క్రూజ్ అతనికి తెలియకుండా మంచానికి కరెంటు ఆన్ చేస్తుంది, అతనికేమీ కాదు. ఇది చూసి చక్ నటిస్తున్నాడనుకునేవాళ్ళు ఉన్నారు, దయచేసి అలా అనుకోకండి. నటించేవాడైతే చివరికి అలా చనిపోడు. ఈ జబ్బులో ఉన్నన్నాళ్ళూ రోజూ ఐస్, సరుకులు, పేపర్లు మోసుకొచ్చింది జిమ్మీయే, ఇది కూడా ఎవరూ మర్చిపోకూడదు.

ఇప్పుడు బ్యాటరీలు. మూడోసారి చూసినప్పుడు నాకు తట్టింది, ఈ అన్నదమ్ములు ఒకర్నొకరు మోసం చేసుకున్న ప్రతి పెద్ద మలుపులోనూ ఒక బ్యాటరీ ఉంది.

మొదటిది జిమ్మీ ఫోన్ బ్యాటరీ. మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్. వృద్ధుల దగ్గర అన్యాయంగా డబ్బులు గుంజుతున్న శాండ్‌పైపర్ కేసు జిమ్మీయే పట్టుకొచ్చాడు, చెత్తబుట్టలో ముక్కలు ఏరుకుని మరీ సాక్ష్యం సంపాదించాడు, అన్నదమ్ములిద్దరూ రాత్రింబవళ్ళు కూర్చుని పనిచేశారు, చక్ చాలా ఏళ్ళ తర్వాత మనిషిలా కనిపించాడు. మర్నాడు కేసు ఫర్మ్‌కి తీసుకెళ్తే హోవర్డ్ కేసు తీసుకుంటాం గానీ జిమ్మీకి ఉద్యోగం లేదన్నాడు. జిమ్మీ హోవర్డ్‌నే తిట్టాడు, మనమూ తిట్టాం. కానీ మెయిల్‌బాక్సులో పెట్టిన ఫోన్ పొద్దున తీసేసరికి చార్జింగ్ అయిపోయి ఉంది. అంటే రాత్రి ఎవరో దాన్ని వాడారు. కరెంటు పేరెత్తితే వణికిపోయే మనిషి చీకట్లో ఇంట్లోంచి బయటికి నడిచి ఒంటికి నిప్పులా అనిపించే ఆ ఫోన్ చేత్తో పట్టుకుని హోవర్డ్‌కి ఫోన్ చేశాడు, తమ్ముడికి ఉద్యోగం ఇవ్వొద్దని. ఆ కాస్త దూరం నడవడానికి అతనెంత ఓర్చుకుని ఉంటాడో ఆలోచించండి. తమ్ముడు తనతో సమానంగా ఒకే బోర్డు కింద కూర్చోవడం ఆ మంట కన్నా ఎక్కువ బాధ అన్నమాట.

జిమ్మీ నిలదీసినప్పుడు చక్ అన్న మాటలు మీకు గుర్తుండే ఉంటాయి, నువ్వు అసలు లాయర్‌వే కాదు, నీలాంటివాడి చేతిలో లా డిగ్రీ అంటే చింపాంజీ చేతిలో మెషీన్ గన్ అని. మనుషులు మారరు అంటాడు. మనవాళ్ళు పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, సరిగ్గా అదే మాట, కాకపోతే దాన్ని తోడబుట్టినవాడి మొహం మీదే అన్నాడు. నాకు ఆ సీన్‌లో కోపం వచ్చేది ఆ మాటలకి కాదండి. ఆ అభిప్రాయం ఉండడం అతని హక్కు, తన ఫర్మ్‌లో ఎవర్ని పెట్టుకోవాలో కూడా అతని ఇష్టమే. అదే మాట ఏళ్ళ క్రితం పాసయిన రోజే మొహం మీద చెప్పి ఉంటే జిమ్మీ ఏడ్చేవాడు, తిట్టేవాడు, తర్వాత తన దారి తను చూసుకునేవాడు. అలా చెప్పకుండా ఇన్నేళ్ళూ హోవర్డ్‌ని అడ్డం పెట్టుకున్నాడు, తమ్ముడి చేత సేవ చేయించుకుంటూ ప్రేమగా నవ్వుతూ ఉన్నాడు, చెడ్డపేరు మాత్రం హోవర్డ్ మోశాడు. హోవర్డ్ కూడా పాపం ఒక్కసారి నోరు విప్పలేదు.

ఇక చక్ వైపు వాదన. ఇది మనస్ఫూర్తిగానే చేస్తాను, ఎందుకంటే మీ ఫ్రెండ్స్ దీన్ని పూర్తిగా వదిలేస్తున్నారు.

రెండో సీజన్‌లో మెసా వెర్డే బ్యాంకు కేసు. జిమ్మీ ప్రేమించిన కిమ్ అదే ఫర్మ్‌లో లాయర్, ఆమె కష్టపడి తెచ్చిన క్లయింట్, ఆమె ఫర్మ్ వదిలేశాక చక్ తన అనుభవం చూపించి బ్యాంకువాళ్ళని మళ్ళీ ఫర్మ్ వైపు లాగేశాడు. కిమ్‌కి అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది కానీ వృత్తిలో ఇది రోజూ జరిగేదే, అందులో మోసం లేదు. జిమ్మీ ఏం చేశాడు? అన్నయ్య ఒంట్లో బాగోక పడుకుని ఉంటే పక్కనుండి చూసుకుంటానని చెప్పి, ఆ రాత్రే ఫైళ్ళు పట్టుకెళ్ళి జిరాక్స్ షాపులో కూర్చుని కత్తెర, జిగురు పెట్టి అన్ని కాగితాల్లోనూ అడ్రస్‌లో చివరి రెండంకెలు తారుమారు చేశాడు. చక్ ఆ కాగితాలే పట్టుకుని బ్యాంకింగ్ బోర్డు ముందు నిలబడి అందరిలో పరువు పోగొట్టుకున్నాడు.

లాయర్‌గా చెప్తున్నా, ఇది చిలిపి పని కాదు. క్లయింట్ కాగితాలు దిద్ది అధికారుల ముందుకి పంపడం, దీనికి ఎక్కడైనా లైసెన్సు పోతుంది. అమెరికాలో అయితే ఇంకో నియమం కూడా ఉంది, తోటి లాయర్ నిజాయితీనే ప్రశ్నించాల్సినంత పెద్ద తప్పు చేశాడని తెలిస్తే బార్‌కి, అంటే లాయర్ల మీద చర్య తీసుకునే సంస్థకి, చెప్పడం లాయర్ బాధ్యత, చెప్పకపోతే అదీ తప్పే. న్యూ మెక్సికోలోనూ ఆ నియమం ఉంది. అంటే చక్ ఫిర్యాదు చేయడం పగ అనుకున్నా, పుస్తకం ప్రకారం అతను చేయాల్సిన పనే అది. అతను చెప్పిన ప్రతి అక్షరం నిజం. జిరాక్స్ షాపుకి వెళ్ళాడన్నాడు, నిజమే. షాపువాడికి లంచం ఇచ్చి నోరు మూయించాడన్నాడు, నిజమే. ఒక్కడూ నమ్మలేదు, దుప్పటి కప్పుకున్న మనిషి మాట కాబట్టి. చెప్పేది నిజమే అయినా పిచ్చి అంటున్నారంటే ఆ బాధ ఎలా ఉంటుందో నాకు సాక్షుల కళ్ళల్లో తెలుసు, కోర్టులో నిజం చెప్పి కూడా తడబడి అబద్ధమాడినవాడిలా దిగిపోయే సాక్షులు ఉంటారు, వాళ్ళ మొహం చూడలేం.

జిమ్మీ తర్వాత ఏమయ్యాడో కూడా చూడండి. మూడో సీజన్‌లోనే, చక్ బతికుండగానే, శాండ్‌పైపర్ సెటిల్‌మెంట్ డబ్బు తొందరగా రావాలని ఐరీన్ అనే ముసలావిడకి ఉన్న స్నేహితురాళ్ళని దూరం చేశాడు, ఆమె ఒంటరిగా కూర్చుని ఏడ్చేలా చేశాడు. ఆ తర్వాత పేరు మార్చుకుని నేరగాళ్ళ లాయర్ సాల్ గుడ్‌మన్ అయ్యాడు. హోవర్డ్ చావుకి దారి వేసింది కూడా జిమ్మీ, కిమ్ ఆడిన ఆటే. చింపాంజీ చేతిలో మెషీన్ గన్ అన్న మాట వినడానికి ఎంత క్రూరంగా ఉన్నా జరిగింది అదే. కొంతమంది చక్ అలా అన్నాడు కాబట్టే జిమ్మీ అలా అయ్యాడంటారు, అందులో కొంత నిజం ఉంది, కానీ ఐరీన్ చేసిన పాపం ఏంటి? అన్నయ్య ప్రేమించలేదు కాబట్టి ముసలావిడని ఏడిపించా అంటే ఏ జడ్జీ ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను.

మరి చక్‌కి అంత కసి ఎందుకు అంటే నాకు అసలు సమాధానం వాళ్ళమ్మ చనిపోయిన సీన్‌లో దొరికింది. ఇద్దరూ ఆస్పత్రిలో చాలాసేపట్నుంచి కూర్చుని ఉన్నారు, జిమ్మీ శాండ్‌విచ్‌లు తెస్తానని బయటికి వెళ్ళాడు, చక్ కదల్లేదు. ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు కూడా. అప్పుడు ఆవిడ కళ్ళు తెరిచింది. చక్ ముందుకి వంగాడు, అమ్మా నేనిక్కడే ఉన్నా అన్నాడు. ఆవిడ జిమ్మీ అంది. ఇంకోసారి జిమ్మీ అంది. పోయింది. జిమ్మీ తిరిగొచ్చి చివర్లో ఏమైనా అందా అని అడిగితే చక్ ఏమీ అనలేదని చెప్పాడు.

ఆ అబద్ధం చిన్నదే. కానీ అందులో అతను జీవితాంతం మోసిన లెక్క ఉంది. నాన్న కొట్లో గల్లాపెట్టెలోంచి జిమ్మీ కొద్దికొద్దిగా 14,000 డాలర్ల దాకా తీసేశాడని చక్ కిమ్‌కి చెప్తాడు, కొట్టు మూతపడింది, నాన్న పోయాడు, అంత్యక్రియల్లో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది జిమ్మీయే అంటాడు. ఆ డబ్బంతా జిమ్మీయే తీశాడా, మెతకమనిషైన నాన్నని దారినపోయే ప్రతివాడూ మోసం చేశాడా అన్నది సీరియల్ తేల్చదు, రెండూ చూపిస్తుంది. చక్‌కి మాత్రం అనుమానమే లేదు. బుద్ధిగా చదివినవాడు తను, లెక్కలు చూసినవాడు తను, పక్కనే కూర్చున్నవాడు తను, కానీ నవ్వించేది జిమ్మీ, భార్య రెబెకా కూడా జిమ్మీ జోకులకే పడీపడీ నవ్వింది, అమ్మ పిలిచింది కూడా జిమ్మీనే. ఇంట్లో ప్రేమకి మార్కులు వేయరు. మార్కులు వేసే చోటు ఒక్కటే దొరికింది అతనికి, లా. అక్కడ చదివినవాడిదే పైచేయి, జోకులు పనిచేయవు. ఆ చోటులోకి కూడా జిమ్మీ వచ్చి నిలబడ్డాడు.

ఇక్కడ నా దగ్గరికొచ్చిన ఒకాయన సంగతి చెప్పాలి. తమ్ముడి మీద కేసు, ఆస్తి విలువ కన్నా ఖర్చే ఎక్కువ అయిపోయింది, రాజీ పడమని ఎన్నిసార్లు చెప్పినా వినడు. ఒకరోజు ఆయన తెచ్చిన ఫైల్ తిరగేస్తున్నా, ప్రతి కాగితానికీ నంబరు, ప్రతి రసీదుకీ రంగు చీటీ, అంత శుభ్రంగా ఏ గుమాస్తా కూడా కట్టడు. మధ్యలో ఒక పాత సర్టిఫికెట్ ఉంది, ఆయనకి స్కూల్లో ఫస్ట్ ప్రైజ్ వచ్చినట్టు, దానికీ నంబరు వేసి ఉంది. ఇది కేసుకి అవసరం లేదండీ అన్నాను. ఉండనివ్వండి సార్, జడ్జిగారు చూస్తారు అన్నాడు. నేను తీసేయలేకపోయాను. చక్‌ని చూసినప్పుడల్లా నాకు ఆ సర్టిఫికెటే గుర్తొస్తుంది.

మూడో సీజన్ అయిదో ఎపిసోడ్‌లో బార్ హియరింగ్, అక్కడ ఒక బ్యాటరీ ఉంది, వరసలో అది మూడోది అయినా ముందు దాని గురించే చెప్తాను, అందరికీ తెలిసింది అదే కాబట్టి. జిమ్మీ క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తూ తన ఫోన్ బయటికి తీస్తాడు, చక్ నవ్వి అందులో బ్యాటరీ లేదు నాకు తెలుస్తుందంటాడు. మరి బ్యాటరీ ఎక్కడుందో చెప్పు అంటాడు జిమ్మీ. అది చక్ కోటు పైజేబులోనే ఉంది, జిమ్మీ పురమాయించిన హ్యూవెల్ అనే మనిషి మెట్ల దగ్గర తగిలినట్టు తగిలి పెట్టేశాడు, గంటా నలభై మూడు నిమిషాలుగా గుండెల మీద ఉంది, చక్‌కి ఏమీ తెలియలేదు. ఆ బ్యాటరీని రెండు వేళ్ళతో తీసి పాముని విసిరినట్టు విసిరాడు. తర్వాత ఇక ఆగలేదు. నేను పిచ్చివాణ్ణి కాదు అని మొదలుపెట్టి, ఆ అడ్రస్‌లో అంకె 1216 అని, మాగ్నా కార్టాకి ఒక్క ఏడాది తర్వాతి అంకె నేనెలా మర్చిపోతానని, చిన్నప్పట్నుంచి గల్లాపెట్టెలో చెయ్యి ఆపుకోలేనివాడని, విడిపించి తప్పు చేశానని, అందరి ముందూ, మాజీ భార్య ముందూ. మాగ్నా కార్టా అంటే ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం, అది 1215 అని లా చదివిన ప్రతివాడికీ తెలుసు, కోపంలో ఒళ్ళు తెలియనప్పుడు కూడా మనిషి నోట్లోంచి వచ్చింది అదే అంటే లా అతని ఒంట్లో ఎంత లోతుకి వెళ్ళిందో చూడండి. మాట్లాడి మాట్లాడి ఒక్కసారి ఆగుతాడు, ఎదురుగా ఉన్న మొహాలు చూస్తాడు, కళ్ళు దించుకుంటాడు. చక్‌గా చేసిన మైకెల్ మెక్‌కీన్ నటన గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. జిమ్మీ గెలిచాడు, ఒక్క ఏడాది సస్పెన్షన్‌తో బయటపడ్డాడు. కానీ గెలిచింది ఎలా? అన్నయ్య జబ్బుని అడ్డం పెట్టుకుని, చూడ్డానికి రెబెకాని పిలిపించి మరీ. ఆ సీన్‌లో విలన్ ఎవరని అడిగితే నేను ఠక్కున చక్ పేరు చెప్పలేను.

ఆ హియరింగ్ దాకా విషయం ఎలా వచ్చింది అన్నదే ఇంకో బ్యాటరీ, ఎవరూ మాట్లాడనిది. ఎర్నెస్టో గుర్తున్నాడా? అందరూ ఎర్నీ అంటారు. ఫర్మ్‌లో మెయిల్ రూమ్ కుర్రాడు, జిమ్మీకి పాత స్నేహితుడు, తర్వాత చక్‌కి సరుకులు తెచ్చిపెట్టే పని అతనికి అప్పగించారు. రెండో సీజన్ చివర్లో జిరాక్స్ షాపులో చక్ కళ్ళు తిరిగి పడిపోయి తలకి దెబ్బ తగిలినప్పుడు, జిమ్మీ అక్కడికి అంత తొందరగా ఎలా వచ్చాడని చక్ పట్టుకుంటే, నేనే ఫోన్ చేశానని ఎర్నీ అబద్ధం చెప్పి కాపాడాడు, స్నేహం కోసం.

చక్ దాన్ని మనసులో పెట్టుకున్నాడు. ఇంటి గోడలకి రేకులు అంటించుకుని తను పూర్తిగా కుప్పకూలినట్టు కనిపించి జిమ్మీ చేత నిజం ఒప్పించి టేప్‌లో రికార్డు చేశాడు. ఆ టేప్ కోర్టులో పనికిరాదని హోవర్డే చెప్పాడు. చక్‌కి అదీ తెలుసు. అతనికి కావలసింది జిమ్మీ ఆ టేప్ కోసం తలుపు బద్దలుకొట్టి లోపలికి రావడం, అది చూసే సాక్షులు ఉండడం. అంటే టేప్ సంగతి జిమ్మీ చెవిన పడాలి. ఎవరి ద్వారా? ఎర్నీ ద్వారా. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో చక్ మామూలుగా పిలిచి ఆ రికార్డర్‌లో బ్యాటరీలు మార్చమంటాడు. ఎర్నీ కొత్త బ్యాటరీలు వేస్తాడు, వేయగానే జిమ్మీ గొంతు వినిపిస్తుంది. చక్ కంగారు పడ్డట్టు ఆపించి, ఇది బయట చెప్తే నీకు చాలా పెద్ద సమస్య అవుతుందని బెదిరిస్తాడు. ఎర్నీ స్నేహితుడి కోసం కిమ్‌కి చెప్పకుండా ఉండలేడని అతనికి బాగా తెలుసు. ఎర్నీ చెప్పాడు, జిమ్మీ తలుపు బద్దలుకొట్టాడు, సాక్షులు చూశారు, అంతా అనుకున్నట్టే జరిగింది. ఎర్నీ ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయాక కూడా ఆ కుర్రాడు కిమ్ దగ్గరికి వచ్చి జిమ్మీ అరెస్టయ్యాడని చెప్పి వెళ్ళాడు.

నా తీర్పు ఇక్కడుంది. జిమ్మీ మీద చక్‌కి ఫిర్యాదు ఉంది, హక్కు ఉంది, దెబ్బతిన్న చరిత్ర ఉంది. ఎర్నీ మీద ఏముంది? ఏమీ లేదు. అతను మంచివాడు, నమ్మకస్తుడు, చక్ ఎంచుకున్నది ఆ మంచితనాన్నే. మంచితనాన్ని చూసి దాన్ని ఎరగా గుచ్చడం, అది విరిగిపోతే తిరిగి కూడా చూడకపోవడం, నా దృష్టిలో విలన్ అంటే అది. సరిగ్గా జిమ్మీ ఐరీన్‌కి చేసింది కూడా అదే, గమనించారా? ఆవిడ స్నేహితురాళ్ళ మంచితనాన్నే వాడుకున్నాడు. ఎంత వేరు వేరుగా ఉన్నామనుకున్నా ఆ ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. చక్ జీవితాంతం స్లిప్పిన్ జిమ్మీ అని అసహ్యించుకున్న ఆ విద్యలో ఒకరోజు తమ్ముణ్ణి మించిపోయాడు, అదీ లా పేరు మీద. కాకపోతే చక్ జీవితం మొత్తాన్ని ఆ ఒక్క పనితో కొలిచి విలన్ అనేయడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే ఆ తర్వాత అతను అనుభవించింది కూడా చూశాం.

హియరింగ్ తర్వాత అతను నిజంగా ప్రయత్నించాడు, డాక్టర్ క్రూజ్‌తో మాట్లాడాడు, జబ్బు మనసులో ఉండొచ్చని ఒప్పుకున్నాడు, కొట్టుకి వెళ్ళి తన సరుకులు తను తెచ్చుకున్నాడు. అలాంటప్పుడు జిమ్మీ ఇన్సూరెన్స్ ఆఫీసులో దొంగేడుపు ఏడుస్తూ అన్నయ్య కుప్పకూలిన సంగతి చెవిలో వేశాడు, ఫర్మ్ మీద ప్రీమియం పెరిగింది, గొడవ ముదిరి హోవర్డ్ సొంత డబ్బు 30 లక్షల డాలర్ల చెక్కు చేతిలో పెట్టి అందరి చప్పట్ల మధ్య చక్‌ని సాగనంపాడు. మార్కులు వేసే ఆ ఒక్క చోటు కూడా పోయింది. తర్వాత జిమ్మీ మాట్లాడదామని వస్తే, నువ్వు నాకెప్పుడూ పెద్ద ముఖ్యమేం కాదన్నాడు. అది అబద్ధం. ఇంట్లో మెయిన్ ఆపేశాక కూడా బయట మీటర్ తిరుగుతూనే ఉంది, ఎక్కడో కరెంటు ఉందని గోడలన్నీ పగలగొట్టాడు, మీటర్ ఆగలేదు. చివరికి కాగితాల గుట్ట మధ్య కూర్చుని బల్లని కాలితో తన్నుతూ ఉన్నాడు, పైనున్న లాంతరు కింద పడేదాకా.

వీలునామాలో తమ్ముడికి 5,000 డాలర్లు రాశాడు, కోర్టుకెక్కడానికి వీల్లేకుండా సరిపోయేంత. పాత ఉత్తరం ఒకటి కూడా ఉంది, మెయిల్ రూమ్‌లో బాగా పనిచేస్తున్నందుకు మెచ్చుకుంటూ. అది జిమ్మీ పొడిగా చదివేశాడు, విన్న కిమ్ ఏడ్చింది. జిమ్మీకి ఏడుపు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2022లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో, ఏడేళ్ళతో బయటపడే ఒప్పందం చేతిలో పెట్టుకుని కూడా, జడ్జి ముందు లేచి అన్నీ ఒప్పుకున్నాడు, అందులో అన్నయ్య ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పాడు. అది నేరమే కాదు, కేసులో లేనే లేదు, పక్కన లాయర్ ఆపబోయాడు. అయినా చెప్పాడు. 86 ఏళ్ళు పడ్డాయి. అలా ఒప్పుకున్నాడంటే జిమ్మీకి కూడా అన్నయ్య విలన్ కాదు అనేగా.

ఇదే ఎపిసోడ్‌లో పాత సీన్ ఒకటి వస్తుంది, లాంతరు వెలుగులో చక్, సరుకుల సంచీతో జిమ్మీ. కాసేపు కూర్చో, నీ క్లయింట్ల గురించి చెప్పు అంటాడు చక్. తప్పులు పట్టడానికే అడుగుతున్నాడనుకుంటాడు జిమ్మీ, రేపొస్తాలే అని లేస్తాడు.

మీరు మళ్ళీ చూస్తానన్నారు కాబట్టి ఒక్కటి అడుగుతా. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ఎర్నీ బ్యాటరీలు మార్చే సీన్ వచ్చినప్పుడు, టేప్‌లో వినిపించే గొంతుని వదిలేసి చక్ మొహం చూడండి. మొదటిసారి నాకు అక్కడ కంగారు కనిపించింది. ఇప్పుడు ఏం కనిపిస్తుందో నాకు తెలుసు, మీకు ఏం కనిపించిందో వచ్చి రాయండి, మీ ఫ్రెండ్స్‌ని కూడా చూడమనండి.